ఇసుర్రాయి కింద పుస్తకం

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వెయ్యదు, ఒళ్లు మండుతుంది. కల్లు తాగి ఆలస్యంగా ఇల్లు చేరిన ప్రతి మగవాడికీ దారిలో ఏదో ఒకటి ఎదురై ఉంటుంది. ఇక ఇంట్లో దయ్యం పట్టేదేమో ఎప్పుడూ నోరెత్తలేని కోడలికే. ఏ పటేలుకైనా దయ్యం పట్టిందని నేను ఇంతవరకు వినలేదు. ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే మా ఇంట్లో జరిగిన సంగతిని మా వాళ్లు నోటికొచ్చినట్టు చెప్పుకుంటున్నారు. ఒకరు అమ్మవారు పూనిందంటారు, ఒకరు ఎవరో చేతబడి చేశారంటారు. అవేవీ జరగలేదు. నేను అక్కడే ఉన్నాను. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను.

నేను పుట్టింది కామారెడ్డిలో, మెట్టింది ఎల్లారెడ్డిలో. నిజాం రోజులు. మా అత్తగారిది భూమి ఉన్న ఇల్లు. మామ నా పెళ్లికి ముందే పోయాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, మా ఆయన చెల్లెలు సత్తవ్వ. మా ఆయన పేరు చెప్పను. అప్పట్లో మొగుడి పేరు చెప్పకూడదని చెప్పేదాన్ని కాదు, ఇప్పుడు కోపంతో చెప్పను.

సత్తవ్వ పెనిమిటి నిజాంసాగర్ కాలువల మీద ముహర్రిరు, అంటే లెక్కలు రాసే చిన్న ఉద్యోగి. అక్కడి చలిజ్వరం ఎంతమందిని తిన్నదో ఆ కాలం వాళ్లకు తెలుసు. ఆయననూ తిన్నది. తాడ్వాయిలో ఆమె అత్తగారి వాళ్లు కర్మలు కాగానే ఒక ట్రంకు పెట్టె ఇచ్చి పిల్లను మా ఇంటికి పంపేశారు. ఆ పెట్టెలో రెండు చీరలు, ఒక పుస్తకం ఉన్నాయి.

మా వైపు అప్పుడు బడి చదువంటే ఉర్దూ చదువు. ఆడపిల్లకు అదీ లేదు. సత్తవ్వకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమె పెనిమిటే. నేర్పి, సికింద్రాబాదు నుంచి రైల్లో ఆ పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఇటుకంత మందం. ముదురు ఎర్ర బట్ట అతికించిన గట్టి అట్ట. లోపల ఒకటే పెద్ద కథ. ఒక కోమటి ఇంటి కోడలు, తప్పిపోయిన మొగుణ్ణి వెతకడానికి తానే ఓడ ఎక్కి బయలుదేరుతుంది. దారిలో ఎన్ని కష్టాలు పడాలో అన్నీ పడుతుంది.

మా అత్తకు ఆ కథ మీద ప్రాణం. పగటి బువ్వలయ్యాక ఆమె ఇసుర్రాయి ముందు కూచునేది. మీరు తిరగలి అంటారేమో, మేం ఇసుర్రాయి అంటాం. ఆమె జొన్నలు విసురుతుంటే సత్తవ్వ పక్కన కూచుని చదివేది. మా అత్త కుడి మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అందుకని రాయి తిప్పేటప్పుడు ప్రతి చుట్టులో ఒక చోట చెయ్యి తడబడేది. రాయి బరబర వచ్చి, అక్కడ కొంచెం ఆగి, మళ్లీ కదిలేది. వంటింట్లో ఉన్నా ఆ చప్పుడు వింటే విసిరేది మా అత్తో నేనో ఎవరైనా చెప్పగలరు.

ఓడ నడి సముద్రంలో ఉండగా మా అత్త పోయింది. పది దినాల జ్వరం. ఆ జ్వరంలో కూడా ఆమె అడిగింది ఒకటే. "ఓడ ఒడ్డుకు శేరిందా బిడ్డ?"

సత్తవ్వ ముందుకు చదివి చూడలేదు. తల్లితో కలిసి చదివే కథ అది, ఒక్కతే ముందుకు పోవడం తప్పనుకుంది. తర్వాత కూడా చదవలేదు. అక్కడ ఒక నూలుపోగు పెట్టి పుస్తకం మూసింది. కొన్నాళ్లకు చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి చదవమని అడిగితే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మా పక్కింటి లచ్చవ్వ, ఇంకా కొందరు జొన్న గంపలు తీసుకుని వచ్చేవారు. ఒకరు విసురుతుంటే తక్కినవాళ్లు వినేవారు. కథ ఇంకా ఆ నూలుపోగు దాకా రాలేదు. వితంతువు ముఖం చూస్తే పని చెడుతుందనే ఆడవాళ్లే, ఆ వేళకు ఆ ముఖం చుట్టూ చేరి కూచునేవారు. సత్తవ్వ నవ్వగా నేను చూసింది ఆ రోజుల్లోనే.

అది మా ఆయనకు గిట్టలేదు. తల్లి ఉన్నన్నాళ్లు నోరు మూసుకున్నాడు. తల్లి పోయాక ఇంటికి పెద్ద తానే అయ్యాడు కదా. బజారులో ఎవడో "మీ ఇంట్ల పురాణం బాగ నడుస్తుందట" అని నవ్వాడట. దానికి ఈయన మీసం వంగిపోయిందట.

ఒక రోజు పగటిపూట ఎవరినో వెంటబెట్టుకుని వచ్చాడు. వాకిట్లో ఆడవాళ్లు, మధ్యలో చదువుతున్న చెల్లెలు. ఆ రోజు చదువు బువ్వలకు ముందే మొదలైంది, పొయ్యి మీద బువ్వ ఇంకా ఉడుకుతోంది. ఆ మాత్రానికి మనిషి శివాలెత్తాడు.

"ఇంట్ల బువ్వకు దిక్కు లేదు గని బాగోతం నడుస్తుందా? మొగడు సచ్చినదానికి కతలేందే?"

అని సత్తవ్వ చేతిలోంచి పుస్తకం గుంజి, రెండు అట్టలూ పట్టుకుని చీల్చాడు. గట్టి అట్ట ఒక పట్టాన రాలేదు. కాలి కింద వేసి తొక్కి మరీ లాగాడు. అట్ట విరిగింది, వెన్ను బట్ట చీలింది, కుట్టు తెగి కాగితాలు వాడిన నీళ్లు పోయే జలారులో పడ్డాయి. ఆడవాళ్లు గంపలు ఎత్తుకుని వెళ్లిపోయారు. వెంట వచ్చిన పెద్దమనిషి మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఆయనకు ఆ పూట బువ్వ పెట్టింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ చెయ్యి విసురుగా లేస్తుంది.

సత్తవ్వ ఏడవలేదు. కాగితాలు ఏరుకోనూ లేదు. వాటిని ఏరింది నేను. తడిసిన వాటిని వంటింట్లో దండెం మీద ఆరేసి, అన్నీ ఒక బట్టలో మూట కట్టి దాచాను.

ఆ తర్వాత ఆ పిల్ల ఇంట్లో పని అంతా చేసేది కానీ మనిషి లేదు. పిలిస్తే పలికేది కాదు. పెడితే రెండు మెతుకులు తినేది. పగటి బువ్వలై చదివే వేళ అయ్యేసరికి పెరట్లో బావి గట్టు మీద పోయి కూచునేది, నీళ్లలోకి చూస్తూ. ఒక రోజు నేను వెనకనుంచి వెళ్లి భుజం పట్టుకుంటే ఉలిక్కిపడలేదు కూడా.  ఆ చూపు ఎటు పోతుందో నాకు అర్థమైంది. మా వాడలోనే అలాంటి చూపున్న ఒకామెను బావిలోంచి తీశారు.

మా ఆయనకు చెప్పాను. "నాలుగొద్దులైతే అదే మర్శిపోతది" అన్నాడు.

ఇక ఆయనతో మాట్లాడి లాభం లేదనుకున్నాను. అమ్మకు బాగా లేదని అబద్ధం చెప్పి మోటారు బస్సులో కామారెడ్డి వెళ్లాను. మా పుట్టింటి పక్కిల్లు జిల్దుసాజుది. పుస్తకాలకు అట్టలు వేసి కుట్టే పనిని మా వైపు జిల్దు కట్టడం అంటారు. చిన్నప్పుడు వాళ్ల అరుగు మీద కూచుని ఆ పని చూస్తూ పెరిగినదాన్ని. ఆ చాచా పోయాడు, ఆయన భార్య ఉంది. ఖాలా అని పిలుస్తాను. సంగతంతా ఆమెకు చెప్పాను. రెండు దళసరి అట్టలు, మైనం పట్టించిన దారం, ఒక వంపు సూది, కొంచెం మైలతుత్తం ఇచ్చింది. "బంకల తుత్తం కలుపు బిడ్డ, లేకుంటె పురుగు తింటది" అంది. బజారులో పతంగులు చేసే పల్చటి కాగితం కొన్నాను. ఎల్లారెడ్డికి తిరిగి వచ్చేసరికి ముసురు పట్టింది.

లోపలి అర్రలో, అంటే గదిలో కూచుని ఆ పని చేశాను. మా ఆయన పొలానికి పోయిన వేళ చూసుకుని. ముందు పాత దారం ముక్కలన్నీ తీసేశాను. అంకెలు మాత్రం వచ్చు కనుక వాటిని చూసి కాగితాలు వరసగా పెట్టాను. పెద్ద పుస్తకం అంటే నాలుగైదు కాగితాలు మడిచి పెట్టిన చిన్న చిన్న కట్టలే. ఒక్కొక్క కట్టనూ మడత దగ్గర కుట్టి పక్క కట్టకు ముడివెయ్యాలి. చీలిన మడతలకు పతంగి కాగితం అంటించాను. పల్చగా ఉంటుంది కనుక కింద అక్షరం కనబడుతూనే ఉంటుంది. ఆయన మడమ పడింది ఓడ నడి సముద్రంలో ఉన్న చోటేనని తర్వాత తెలిసింది. ఆ కాగితాలు ముక్కలు ముక్కలు. వాటిని పీట మీద పరిచి, అంచుకు అంచు కలిపి అతికించాను. చదవలేదు. అప్పటికి నాకు చదువు రాదు. అక్షరం సగం ఇటు, సగం అటు ఉంటే రెండు సగాలూ కలిసేవరకు జరిపేదాన్ని, అంతే.

బంకకు చింతగింజలు వేయించి, పొట్టు తీసి, పిండి విసిరి, నీళ్లలో ఉడికించాను. గొంగళ్లకు గంజి పెట్టేది దీంతోనే. వెన్నుకు గట్టి బట్ట కావాలి. ఇంట్లో గట్టి బట్ట అంటే మా ఆయన సర్కారు కచేరీకి పోయేటప్పుడు తలకు చుట్టే రుమాలే. ఒక కొసన జానెడు కోశాను. చీల్చిన చేతులకు ఆ మాత్రం శాస్తి ఉండాలి కదా.

అట్టలు వేసి బంక పెట్టాక పుస్తకం మీద బరువు పెట్టాలి. లేకపోతే అట్ట విల్లులా వంగుతుంది. ఇంట్లో సమంగా, బరువుగా ఉండేది ఇసుర్రాయి పై రాయి ఒక్కటే. దాన్ని కింది రాయి నుంచి తీసి వేరే చోట పెట్టకూడదని మా అత్త అనేది. ఇసుర్రాయి జంట విడదీస్తే ఇంటికి మంచిది కాదని. అలాంటి మాటలు నేను లెక్కచేసే రకం కాదు. సత్తవ్వను పిలిస్తే వచ్చింది. ఇద్దరం కలిసి ఎత్తి అర్రలోకి మోశాం. పుస్తకం మీద పీట, పీట మీద రాయి. మిగిలిన దారం ఉండ చేసి ఆ రాయి నడుమ ఉన్న రంధ్రం మీద పెట్టాను. కింది రాయి వసారాలో తన చోటే ఉండిపోయింది. పిండి కోసం జొన్నలు లచ్చవ్వ ఇంటికి పంపాను.

ఇక్కడివరకు జరిగిందంతా మామూలు సంగతి.

మర్నాడు పగటి బువ్వలయ్యాయి. నేను అంట్లు తోముతున్నాను. సత్తవ్వ బావి వైపు వెళ్లబోతూ ఆగింది. వసారాలోంచి విసురుతున్న చప్పుడు.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఎవరో అడగకుండా వచ్చి మా రాయి వాడుతున్నారనుకున్నాను. మా రాయి సగమే ఉందన్నది ఆ క్షణంలో తట్టలేదు. చేతులకు బూడిదతోనే వెళ్లాను. వసారాలో ఎవరూ లేరు. కింది రాయి ఒక్కటే ఉంది, నడుమ కొయ్య మేకుతో. చప్పుడు మాత్రం వస్తోంది.

నేను ఊహించుకున్నానంటారేమో. రోజూ రాయి తిప్పే ఆడదాన్ని అడగండి. ఉత్త రాయి తిరిగితే చప్పుడు గరగరమని చెవులు కోస్తుంది. గింజ పడితే మెత్తగా, బరువుగా వస్తుంది. నేను విన్నది గింజ పడిన చప్పుడు. నడుమ నడుమ ఆగుతోంది, పిడికెడు గింజలు పోయడానికి ఆగినట్టు. ప్రతి చుట్టులో ఒక చోట తడబడుతోంది.

సత్తవ్వ నా వెనక వచ్చి నిలబడింది. ఎన్నో రోజుల తర్వాత నోరు తెరిచి అన్న మాట ఒకటే.

"వదినె, అవ్వ."

మా వైపు అమ్మను అవ్వ అంటారు. నేను "నోరు మూస్కో" అన్నాను. కొంతసేపటికి చప్పుడు ఆగింది. అర్రలోకి పోయి చూశాను. పై రాయి పుస్తకం మీద అలాగే ఉంది. దాని మీద నేను పెట్టిన దారపు ఉండ పక్కకు కూడా జరగలేదు.

ఆ మర్నాడు అదే వేళకు మళ్లీ. ఈసారి లచ్చవ్వ, ఇంకో ఇద్దరు గంపలతో సహా వాకిట్లోకి వచ్చారు. సత్తవ్వ మళ్లీ చదువుతోందని అనుకున్నారట.

"రాయి బిగించుకున్నరా? మరి మా ఇంటికి జొన్నలెందుకు పంపినవ్ చెల్లె?" అంది లచ్చవ్వ.

వసారా వైపు చూపించాను. ముగ్గురూ విన్నారు, ముగ్గురూ చూశారు. ఒకామె గంప అక్కడే వదిలేసి పోయింది. సాయంత్రానికి ఊరంతా పాకింది.

మా ఆయన ఇంటికి వస్తూనే నా మీద పడ్డాడు. ఇదంతా నా టక్కు అన్నాడు. నన్ను తిట్టినప్పుడు నాకు బాధ లేదు, అలవాటే. మర్నాడు పొలం మానేసి ఇంట్లోనే కూచున్నాడు. పగటి వేళకు నన్నూ సత్తవ్వనూ వాకిట్లో తన ఎదుట కూచోబెట్టాడు, దొంగల్ని కూచోబెట్టినట్టు. తాను వసారాలో కింది రాయి పక్కన గోడకు ఆనుకున్నాడు. చప్పుడు మొదలైంది.

మొదట లేచి నిలబడ్డాడు. గోడ వెనకకు పోయి చూశాడు, అటక మీద చూశాడు. వచ్చి ఆ రాయి మీద అరచెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. తర్వాత నేనూ పెట్టి చూశాను. బయట ముసురు, ఇల్లంతా చల్లగా చెమ్మగిల్లి ఉంది. ఆ రాయి మాత్రం గంపెడు జొన్నలు విసిరినంత వెచ్చగా ఉంది. ఇది నా చేత్తో తెలుసుకున్నది.

ఆయన ముఖం పిండిలా పాలిపోయింది. ఆ తడబాటు ఎవరి చేతిదో ఆయనకూ తెలుసు. ఆ చేతి జొన్నరొట్టెలు తినే పెరిగాడు.

"అవ్వా" అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి అరిచాడు. "ఆ రాయి తెచ్చి దీని మీద పెట్టుండ్రి."

అర్రలోకి పోబోయాడు. నేను గడప మీద నిలబడ్డాను. అప్పటిదాకా ఆయన ముందు అలా నిలబడలేదు.

"ఇంకా ఆరలేదు. ఇప్పుడు తీస్తే అట్ట వంకరపోతది."

"ఏం అట్టనే?"

చెప్పాను. ఆయన చీల్చిన పుస్తకమని, కుట్టానని, రాయి దాని మీద ఉందని. కొడతాడనుకున్నాను. చెయ్యి లేచింది కూడా. వసారాలో చప్పుడు ఒక్కసారిగా జోరందుకుంది, కోపంగా విసురుతున్నట్టు. ఆయన చెయ్యి దించాడు.

"ఎన్నొద్దులకు ఆరుతది?" అని అడిగాడు.

"ముసురు తగ్గితె ఆరుతది."

ముసురు తగ్గలేదు. చింతగింజల బంక వానాకాలంలో అంత తొందరగా ఆరదు. ప్రతి పగలూ చప్పుడు. ఈ మగమహారాజు, పుస్తకాన్ని కాళ్ల కింద వేసి తొక్కిన మనిషి, కుంపటిలో నిప్పులు వేసుకుని అర్రలో దాని దగ్గర పెట్టాడు. "వేడి తగిల్తె బంక పగుల్తది" అని నేను కుంపటి బయట పెట్టించాను. మళ్లీ విసనకర్ర తెచ్చుకున్నాడు. గంటల తరబడి విసురుతూ కూచున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ ఓపికలో పిసరంత ఆ రోజు చూపించి ఉంటే ఇదంతా ఉండేది కాదు కదా అని లోపల రగిలిపోయాను.

సత్తవ్వ బావి దగ్గరకు పోవడం మానేసింది. ఆ వేళకు వసారాలో గోడ వారగా కూచుని వినేది. భయం లేదు ఆమెకు. బువ్వ మాత్రం కొంచెం కొంచెం తినసాగింది.

చివరికి ఎండ కాసింది. రెండు రోజులు ఆగి రాయి తీశాను. అట్ట పలకలా చదునుగా ఉంది. తెరిస్తే వెన్ను పగల్లేదు, కాగితం ఊడలేదు. మా ఆయన వెన్ను మీది బట్టను గుర్తుపట్టాడు. తన రుమాలు రంగు తనకు తెలియదా. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. 

పై రాయి తీసుకుపోయి కింది రాయి మీద పెట్టబోతుంటే ఆయనే వద్దన్నాడు. రెండూ కలిస్తే కళ్ల ముందే తిరుగుతుందేమోనని భయం. ఆ వేళ కాగానే చప్పుడు మామూలుగా మొదలైంది. ఆయన చెల్లెలి వైపు తిరిగాడు.

"సదువే సత్తి. సదివితె ఆగుతదేమొ."

క్షమించమని కాదు, తప్పయిందని కాదు. ఆగుతుందేమో అని. నాకు అక్కడే ఆ పుస్తకంతో ఆయన నెత్తిన ఒకటి వెయ్యాలనిపించింది. కుట్టింది నేను కనుక, గట్టిగానే తగిలేది.

సత్తవ్వ పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. మొదటి కాగితం తియ్యలేదు. నేను ముక్కలు అతికించిన చోటు వెతికి తీసింది, నడి సముద్రం దగ్గర. పతంగి కాగితం మీంచి అక్షరాలు కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది.

చప్పుడు ఆగలేదు. నెమ్మదించింది. మా అత్త ఉన్నప్పుడు ఎలా ఉండేదో అలా, చదివే గొంతుకు అడ్డం రాకుండా, కింద కిందనే సాగింది. సత్తవ్వ గొంతు బొంగురుపోయి ఆగితే అదీ ఆగేది. మళ్లీ మొదలుపెడితే మొదలయ్యేది. గోడ బయట ఆడవాళ్ల గుసగుసలు వినబడుతున్నాయి, లోపలికి రాలేదు. ఆయన స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని కూచున్నాడు, కళ్లు మూసుకుని.

అలా రోజూ చదివింది. ఓడ తుపానులో పడింది, తెడ్లు విరిగాయి, మనుషులు పోయారు. ఒక రోజు ఓడ ఒడ్డుకు చేరిన చోటు వచ్చింది. కోమటి ఇంటి కోడలు ఇసుకలో కాలు పెట్టింది. ఆ మాట చదివి సత్తవ్వ తలెత్తి వసారా వైపు చూసింది. అప్పుడు చప్పుడు ఆగింది. నెమ్మదిగా, చివరి చుట్టు పూర్తి చేసుకుని ఆగినట్టు ఆగింది. ఆ తర్వాత ఎప్పుడూ వినబడలేదు. సత్తవ్వ ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చింది. పెనిమిటి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదట.

ఆ సాయంత్రమే పై రాయి దాని చోట పెట్టాను. మర్నాటి నుంచి దాని మీదే జొన్నలు విసిరాను. ఏ తేడా లేదు.

ఆ తర్వాత మా ఆయన సత్తవ్వ చదువుకు ఎన్నడూ అడ్డం రాలేదు. సికింద్రాబాదు పోయిన వాళ్లతో ఇంకో రెండు పుస్తకాలు తెప్పించాడు కూడా. ఆడవాళ్లు మళ్లీ గంపలతో వచ్చారు. సత్తవ్వ వాళ్లలో కొందరి ఆడపిల్లలకు అక్షరాలు నేర్పింది. నాకూ నేర్పింది. ఇది రాస్తున్నది ఆమె నేర్పిన అక్షరాలతోనే. మా ఆయన మాత్రం ఊళ్లో పెద్దమనుషుల ముందు, "మా శెల్లెకు సదువంటె పానం, నేనే జిల్దు కట్టించిన" అని చెప్పుకుంటూ తిరిగాడు. నేను తలుపు చాటున నిలబడి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో.

ఎలా జరిగిందో తెలుసుకోవాలని నేను ప్రయత్నించకపోలేదు. ఇంకో ఇంట్లో విసిరే చప్పుడు గోడల మీంచి వచ్చిందేమోనని లచ్చవ్వ ఇంట్లో రాయి తిప్పించి మా వసారాలో నిలబడి విన్నాను. సన్నగా కూడా వినబడలేదు. ఎలుకలేమోనని కింది రాయి పెకలించి చూశాను. కింద గట్టి నేల. రాయి ఎందుకు వెచ్చబడిందో చెప్పగలిగిన వాళ్లు నాకు ఇంతవరకు దొరకలేదు.

మా ఆయన పోయిన చాలా ఏళ్లకు ఒకసారి సత్తవ్వనే సూటిగా అడిగాను. "నిజం చెప్పు, ఏదన్న ఉపాయం చేసినవా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "నాకే శాతనైతె వదినె, అన్న పుస్తకం గుంజిన్నాడే చేద్దును గద" అంది.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆ రాయి తిప్పిందెవరో నాకు తెలియదు. అది మా అత్తే అయితే, ఆమెతో నాకు మాట్లాడేది ఉంది. బతికున్నన్నాళ్లు రోజూ ఆ కథ వింది కదా, ఒక్క రోజన్నా కొడుకును కూచోబెట్టి, నీ చెల్లెలి పుస్తకం జోలికి పోకని చెప్పి ఉండవచ్చు కదా. మళ్లీ అనుకుంటాను, చెప్పినా వినేవాడా అని. నేను చెబితే విన్నాడా? సత్తవ్వ బావి గట్టు మీద కూచుంటే చూశాడా? ఆ ఇంట్లో ఒక ఆడదాని మాట చెల్లాలంటే ఆమె ముందు చచ్చిపోవాలి. రాయి సంగతి నాకు అంతుచిక్కకపోతే పోనీ. ఈ సంగతి మాత్రం నాకు ఎన్నటికీ మింగుడుపడదు.